ఏప్రిల్ మన చరిత్ర నెల: కారంచేడు, చుండూరుల మధ్య చదువుకుంటున్న విద్యార్థుల కోసం

ఏప్రిల్ వచ్చిందంటే మన కాలేజీల్లో మూడు ఫొటోలకు దండలు పడతాయి. 5న బాబూ జగ్జీవన్‌రామ్, 11న మహాత్మా జోతిరావు ఫూలే, 14న బాబాసాహెబ్ అంబేద్కర్. ప్రిన్సిపాల్ నాలుగు మాటలు చెబుతారు, విద్యార్థి నాయకులు జై భీమ్ అంటారు, ఫొటోలు మళ్ళీ ఆఫీసు గదిలోకి వెళ్ళిపోతాయి. ఇదే ఏప్రిల్‌ను 2015 నుంచి దేశ విదేశాల్లోని అంబేద్కరైట్లు దళిత చరిత్ర మాసంగా జరుపుకుంటున్నారు. ఆ మాసం ఎక్కడి నుంచి వచ్చింది, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో దాని కింద ఏం చదవాలి, ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము చెప్పదలచుకున్నది ముందే చెబుతాం. మన ప్రాంతంలో దళిత చరిత్రను జరుపుకోవడమంటే ముందుగా దాన్ని నమోదు చేయడం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక, ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడు, గుంటూరు జిల్లాలో ఉన్న చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. దేశమంతా పేరు విన్న ఈ రెండు ఊళ్ళ గురించి ఈ జిల్లా పిల్లవాడు తన పాఠ్యపుస్తకంలో చదువుకోడు. ఆనాటి సంగతులు కళ్ళతో చూసినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. వాళ్ళ మాట ఇప్పుడు రాసుకోకపోతే రేపు మనకు మిగిలేది కోర్టు కాగితాలు, పాత పేపర్ కటింగులే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా

దళిత చరిత్ర మాసానికి ప్రేరణ అమెరికా నల్లజాతి ప్రజల చరిత్ర మాసం. దాని వెనుక కార్టర్ జి. వుడ్సన్ అనే చరిత్రకారుడున్నాడు. ఆయన 1875లో వర్జీనియాలో పుట్టాడు. అమ్మానాన్నలు బానిసత్వంలో బతికి బయటపడ్డవాళ్ళు. బొగ్గు గనుల్లో పని చేసి, ఇరవై ఏళ్ళ వయసులో హైస్కూల్లో చేరి, 1912లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన నల్లజాతి వ్యక్తుల్లో ఆయన రెండోవాడు. మొదటివాడు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్.

నల్లవాళ్ళకు చరిత్ర లేదని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు తరగతి గదుల్లో చెబుతున్న కాలమది. వుడ్సన్ 1915లో నల్లజాతి జీవితం, చరిత్రల అధ్యయనానికి ఒక సంఘం పెట్టాడు. మరుసటి ఏడాది ఒక పరిశోధనా పత్రిక మొదలుపెట్టాడు. 1926 ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర వారాన్ని ప్రకటించాడు. ఫిబ్రవరి ఎందుకంటే, అబ్రహాం లింకన్ పుట్టినరోజు, బానిసత్వం నుంచి తప్పించుకుని మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజు అప్పటికే నల్లజాతి ప్రజలు ఆ నెలలో జరుపుకుంటున్నారు. ఉన్న అలవాటు మీదే కొత్త పనిని నిలబెట్టాడు వుడ్సన్.

ఆ వారాన్ని నిలబెట్టింది బడి పంతుళ్ళు. సంఘం వాళ్ళకు బొమ్మలు, పాఠాలు, తేదీల పట్టికలు, పిల్లలు వేసుకోగల నాటికలు పంపేది. నలభై ఏళ్ళకు పైగా బళ్ళలో, చర్చిల్లో అలా సాగాక, ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు వారం సరిపోదన్నారు. 1970లో నెలంతా జరిపారు. 1976లో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ దాన్ని గుర్తించాడు. ప్రభుత్వ గుర్తింపు వచ్చేసరికి మొదటి వారం జరిగి యాభై ఏళ్ళయింది.

2015లో తేన్‌మొళి సౌందరరాజన్, క్రిస్టినా ధనరాజ్, సంఘపాలి అరుణ వంటి దళిత స్త్రీలు పూనుకుని దళిత చరిత్ర మాసాన్ని మొదలుపెట్టినప్పుడు ఏప్రిల్‌ను ఎంచుకున్నారు. కారణం వుడ్సన్ కారణమే: మన పల్లెల్లో ఏప్రిల్ అప్పటికే అంబేద్కర్ నెల.

రెండు పోరాటాల పాత చుట్టరికం

ఈ చుట్టరికం నిన్న మొన్నటిది కాదు. ఫూలే 1873లో అచ్చు వేసిన గులాంగిరీని అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుపడిన ప్రజలకు అంకితమిచ్చాడు. 1946 జులైలో అంబేద్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతి సంస్థ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. డుబోయిస్ అదే నెలలో జవాబిచ్చాడు. 1972లో బొంబాయిలో దళిత యువకులు పెట్టిన సంస్థకు బ్లాక్ పాంథర్ల పేరు మీదుగానే దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. అలెక్స్ హేలీ 'రూట్స్' నవలను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశారు. ఆఫ్రికా నుంచి ఎత్తుకుపోయిన ఒక మనిషి ఏడు తరాల కథ అది. తాత పేరు దాటి ముందుకు వెళ్ళలేని మన ఇళ్ళల్లో ఆ పుస్తకం చదివినవాళ్ళకు అదెందుకు మనసుకు పట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

అయితే రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు. కులానికి ఒంటి రంగు గుర్తు కాదు. కులాన్ని ఊరి పటంలో చూడాలి. ఊరు ఒకవైపు, పల్లె ఒకవైపు, మధ్యలో డొంకో కాలువో. నీళ్ళ చెరువు, శ్మశానం, గుడి, టీ కొట్టు, సినిమా హాలు, ఒక్కోటి ఒక్కో సరిహద్దు. అందుకే మన చరిత్ర మాసం అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు దించుకోకూడదు. మన చరిత్ర ఆ సరిహద్దుల దగ్గర జరిగింది. దాన్ని అక్కడే వెతకాలి.

రైలు దారిలో చరిత్ర

తెనాలి నుంచి రెండు రైలు దారులు చీలతాయి. ఒకటి చుండూరు, నిడుబ్రోలు మీదుగా బాపట్ల, చీరాలకు పోతుంది. రెండోది వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెలో ఆగిపోతుంది. కాలేజీలకు రోజూ ఈ రైళ్ళలో తిరిగే విద్యార్థులు తమ చరిత్ర మీదుగానే ప్రయాణిస్తున్నారు.

రేపల్లె దారిలోని భట్టిప్రోలు దగ్గర మొదలుపెడదాం. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వి ధాతు కరండాలను వెలికితీశాడు. వాటి మీది అక్షరాలు దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో కొన్ని. అంతకు ముందే ఆ స్తూపం రాళ్ళు, ఇటుకలు చాలా భాగం కాలువ పనులకు, రోడ్లకు పోయాయి. 1956 అక్టోబరు 14న అంబేద్కర్ నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాక, కృష్ణాతీరపు బౌద్ధ క్షేత్రాలు మనకు విహారయాత్ర స్థలాలుగా మిగలలేదు. మన ప్రాంతపు డిగ్రీ కాలేజీలకు పెద్ద దిక్కైన విశ్వవిద్యాలయం 1976లో ఆచార్య నాగార్జునుడి పేరుతోనే ఏర్పడింది. అక్కడ మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం కూడా ఉంది. బౌద్ధాన్ని రాళ్ళ చరిత్రగా మాత్రమే చదవాలా, సమానత్వ సంప్రదాయంగా చదవాలా అన్న చర్చను విద్యార్థులే అక్కడ లేవనెత్తాలి.

తరువాతిది మిషన్ల కాలం. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో పని మొదలుపెట్టింది. తెనాలి, రేపల్లె వైపు లూథరన్లు, బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు బళ్ళు పెట్టారు. 1885లో గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వచ్చింది. ఊరి బడి గడప ఎక్కనివ్వని పిల్లలకు పలక చేతికిచ్చింది ఆ పల్లె బళ్ళే. మిషన్‌లోనూ కులం ఉంది, దాని గురించీ రాయాలి. పాత చర్చిల్లోని బాప్తిస్మ రిజిస్టర్లను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ కాగితంలో మన పెద్దల పేర్లు ఎక్కని రోజుల్లో, ఆ పేర్లు రాసిపెట్టిన పుస్తకాలు అవి.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. తమను పంచములని పిలవడాన్ని ఆ సభ తిరస్కరించింది. మేము ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ప్రకటించుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది. 1921లో కుసుమ ధర్మన్న రాసిన పాట పేరు 'మాకొద్దీ నల్లదొరతనము'. తెల్లదొరతనం వద్దని దేశమంతా పాడుతున్నప్పుడు, ఇంట్లోని దొరల సంగతేమిటని అడిగిన పాట అది.

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. గుంటూరులో ఏళ్ళ తరబడి పంతులుగా పనిచేశారు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. తెనాలి నాటకాల ఊరు. సత్య హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చేసరికి రంగస్థల నటులు జాషువా శ్మశాన పద్యాలను ఎత్తుకుంటారు, జనం వన్స్ మోర్ అంటారు. ఆ పద్యాలు రాసిన మనిషిని బతికున్న కాలంలో ఎన్ని పంక్తుల్లోంచి లేపేశారో చప్పట్లు కొట్టే చాలామందికి తెలియదు. పద్యం ఊళ్ళోకి వెళ్ళింది, కవి పల్లెలోనే ఉండిపోయాడు. చరిత్ర మాసంలో జాషువాను చదవడమంటే ఆ రెండు సంగతులూ కలిపి చదవడం.

కారంచేడు: ఊరు వదిలిన తెగువ

1985 జులై 16న కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర అగ్రకుల యువకులు గేదెలను కడుగుతుంటే పల్లెవాళ్ళు అడ్డు చెప్పారు. కొట్టబోయినవాళ్ళకు ఎదురుగా మున్నంగి సువార్త తన నీళ్ళ బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, కమ్మ భూస్వాముల గుంపులు పల్లె మీద పడ్డాయి. ఆరుగురు మాదిగలను చంపారు. స్త్రీలపై అత్యాచారాలు చేశారు. కీలక సాక్షిగా నిలిచిన దుడ్డు అలిశమ్మను తరువాత హత్య చేశారు.

చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు చరిత్ర ఇక్కడి నుంచే మొదలవుతుంది. బతికినవాళ్ళు చీరాల చేరారు. రాజీ పడి ఊళ్ళోకి రమ్మంటే రామన్నారు. చీరాలలోనే ఇళ్ళ స్థలాలు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. భూస్వామి పొలం మీద కూలికి బతికేవాళ్ళు ఊరినే వదిలేయడం ఎంత తెగువో పల్లెలో పుట్టినవాళ్ళకు అర్థమవుతుంది. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా ఇచ్చి వచ్చారు. పొన్నూరులో సంస్కృతం బోధించే కత్తి పద్మారావు శిబిరంలో నిలబడ్డారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. తెలుగు నేల మీద ఆ తరువాత వచ్చిన దళిత రాజకీయం, దళిత సాహిత్యం ఈ శిబిరానికి బాకీ పడే ఉన్నాయి. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష, మరికొందరికి మూడేళ్ళ జైలు విధించింది. అప్పటికి ఇరవై మూడేళ్ళు గడిచాయి.

చుండూరు: ఊళ్ళోకి వచ్చిన కోర్టు

1991 జులై 7న చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలో ఉన్న అగ్రకులస్తుడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ మాలపల్లె మీద సంఘ బహిష్కరణగా మారింది. కూలి పనులు బందయ్యాయి. ఆగస్టు 6న, పోలీసులు వచ్చారన్న కబురుతో పొలాల వైపు పరుగెత్తిన దళితులను కాపుకాసి నరికారు. ఎనిమిది మంది చనిపోయారు. కొన్ని శవాలు గోనె సంచుల్లో కాలువలో దొరికాయి.

ఇక్కడా తరువాతి సంగతులే ముఖ్యం. పల్లె జనం తెనాలికి వచ్చి శిబిరం పెట్టారు. చనిపోయినవాళ్ళను ఊరి బయటి శ్మశానంలో కాక చుండూరు నడిబొడ్డునే పూడ్చిపెట్టారు. ఆ స్థలాన్ని రక్తక్షేత్రం అంటున్నారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టాలని పోరాడి సాధించారు. నేరం జరిగిన ఊళ్ళోనే ఈ చట్టం కింద కోర్టు నడవడం దేశంలో అదే మొదలు. సాక్షులు భయం భయంగా పట్నం కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేకుండా, తమ ఊళ్ళో తమ నోటితో చెప్పారు. 2007 జులై 31న వచ్చిన తీర్పులో 179 మంది నిందితుల్లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 123 మందిని విడిచిపెట్టారు.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందన్నది. అది కూడా ఏప్రిల్ నెలే. బాధితుల పక్షం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. చట్టం దృష్టిలో ఎవరు దోషులన్నది కోర్టుల పని. ఎనిమిది మంది ఎలా చనిపోయారో, వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు మిగిలారో, ఆ సాక్ష్యాన్ని పల్లె పదహారేళ్ళు ఎలా కాపాడుకుందో రాయడం చరిత్ర విద్యార్థుల పని. ఆ పనికి ఏ తీర్పూ అడ్డు రాదు.

వెలివాడ దాకా

మన ప్రాంతం నుంచి చదువుల కోసం వెళ్ళిన పిల్లల చరిత్ర కూడా ఈ వరసలోదే. గుంటూరు నుంచి వెళ్ళిన రోహిత్ వేముల హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. అంబేద్కర్ విద్యార్థి సంఘం కార్యకర్త. హాస్టలు నుంచి వెలివేసిన ఐదుగురు విద్యార్థులు క్యాంపస్‌లో ఆరుబయట శిబిరం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న గీత విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఆగిపోదని ఆ పేరు చెబుతుంది. అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయిల బొమ్మలు పెట్టుకుని చేతులతో కట్టుకున్న ఆ వెలివాడ, క్యాంపస్‌లో దళిత విద్యార్థులు తమ చరిత్రకు తామే చోటు చేసుకున్న ఉదాహరణ.

ఈ ఏప్రిల్‌లో ఏం చేయవచ్చు

దండలు వేయొద్దని మేము అనడం లేదు. పల్లెలో అంబేద్కర్ విగ్రహం నిలబెట్టడానికి కూడా దెబ్బలు తిన్న జనం మనం. ఆ దండతో పాటు చేయగల పనులు కొన్ని ఇవి.

ఒకటి, తేదీల పట్టిక. ఏప్రిల్ 5, 11, 14లతో పాటు జనవరి 17, జులై 17, ఆగస్టు 6, సెప్టెంబరు 28 తేదీలను కాలేజీ క్యాలెండరులో చేర్చమని అడగండి. ఏప్రిల్‌లో మొదలైన చదువు ఆగస్టు దాకా సాగాలి.

రెండు, పెద్దల మాట. మీ పల్లెలో అరవై దాటినవాళ్ళతో కూర్చోండి. మొదట బడికి వెళ్ళిందెవరు, చెరువు నీళ్ళు ఎప్పుడు దక్కాయి, మొదటి డాబా ఎవరు కట్టారు, పాలేరుతనం ఎప్పుడు పోయింది అని అడగండి. ఫోనులో రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. దాడులు చూసినవాళ్ళను గాయం గురించి గుచ్చి గుచ్చి అడగొద్దు. వాళ్ళు చెప్పినంతే రాయండి, పేరు వద్దంటే రాయొద్దు. రాసింది వాళ్ళకు చదివి వినిపించి, ఒక ప్రతి వాళ్ళ ఇంట్లోనే ఉంచండి.

మూడు, తీర్పుల పఠనం. చుండూరు, కారంచేడు తీర్పులు ఇంగ్లీషులో ఉన్నాయి. లా విద్యార్థులు వాటి సారాన్ని తేలిక తెలుగులో రాసి పల్లెలో చదివి వినిపిస్తే, ఏ సాక్ష్యాన్ని కోర్టు ఎందుకు నమ్మింది, ఎందుకు నమ్మలేదు అన్నది జనానికి తెలుస్తుంది. రేపు ఇంకో కేసులో అది పనికొస్తుంది.

నాలుగు, స్త్రీల పేర్లు. కారంచేడు కథలో సువార్త, అలిశమ్మ లేకపోతే కథే లేదు. అయినా సభల్లో వేదిక మీద నాయకుల పేర్లే వినిపిస్తాయి. ప్రతి పల్లెలోనూ ఒక బిందె ఎత్తిన మనిషి ఉంటుంది. ఆమె పేరు కనుక్కోండి.

ఐదు, మాల, మాదిగ, రెల్లి అందరి చరిత్ర. కారంచేడులో చనిపోయింది మాదిగలు, చుండూరులో మాలలు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి బయల్దేరిన మాదిగ దండోరా, 2024 ఆగస్టు 1న ఉపవర్గీకరణ చెల్లుతుందన్న సుప్రీంకోర్టు తీర్పు కూడా దళిత చరిత్రే. వాదించుకోవలసిన చోట వాదించుకుందాం. ఒకరి చరిత్రను ఇంకొకరు దాచేస్తే మాత్రం నష్టపోయేది అందరం.

ఆరు, మన చదువుల్లో మన పని. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి నడుస్తోంది. డెల్టా వరి గురించి అక్కడ చదవని అంశం ఉండదు. ఆ వరిని నాటిన, కోసిన, కుప్ప నూర్చిన చేతులు ఎవరివి, కూలి ఎంత, కుంచాల కొలత ఎవరిది అన్నది కూడా వ్యవసాయ చరిత్రే. తెలుగు, చరిత్ర, లా, వ్యవసాయం, ఏ శాఖ విద్యార్థికైనా తన శాఖలోనే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంటుంది. ప్రాజెక్టు అంశం ఎంచుకునే రోజున ఆ ప్రశ్న అడగండి.

వుడ్సన్ మొదటి వారానికి ప్రభుత్వ ఉత్తర్వు లేదు, పెద్ద నిధులు లేవు. పాఠాల కట్టలు, వాటిని చదివి చెప్పే పంతుళ్ళు ఉన్నారు. మనకు ఈ రెండు రైలు దారుల పొడవునా పల్లెకో డిగ్రీ చదివిన పిల్ల, పిల్లవాడు ఉన్నారు. ఈ ఏప్రిల్ 14 సభ ముగిశాక, మైకు కట్టేసే ముందు, మీ పల్లెలో అందరికన్నా పెద్ద మనిషి ఎవరో అడిగి, మర్నాడు పొద్దున వాళ్ళింటికి నోటుబుక్కుతో వెళ్ళండి.

జై భీమ్.